అంచనాకు పూచీ: యాదృచ్ఛిక సంఖ్యలు, డేటా నాణ్యత, మోడళ్ల విశ్వసనీయత

(ఆచార్య కల్యంపూడి రాధాకృష్ణారావు గారి స్మృతిలో చేసిన ఉపన్యాస పాఠం)



ఆచార్య సి.ఆర్. రావు గారిని తలుచుకుంటూ మాట్లాడే అవకాశం ఏ గణాంకశాస్త్ర విద్యార్థికైనా గౌరవమే. ఆ గౌరవంతో పాటు బాధ్యత కూడా మీద పడుతుంది. 1920 సెప్టెంబరు 10న హడగళిలో ఒక తెలుగు కుటుంబంలో పుట్టి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నం బడుల్లో చదువుకొని, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసి, 1941లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన ఆ యువకుడు, ఇరవయ్యో శతాబ్దపు గణాంకశాస్త్రానికి పునాదులు వేసినవారిలో ఒకరయ్యారు. నూట రెండేళ్ల వయసులో, 2023లో, అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతికి ఎంపికయ్యారు. అదే ఏడాది ఆగస్టు 22న కన్నుమూశారు.

ఆయన జీవితకాలంలో మొదట చేతితో తిప్పే లెక్కల యంత్రాలు, చివరికి కోట్లాది సంఖ్యలను క్షణాల్లో నమిలే కంప్యూటర్లు వచ్చాయి. ఈ రోజు రోగి కంటి ఫొటో చూసి జబ్బు చెప్పేది, ఉపగ్రహ చిత్రం చూసి చేను దిగుబడి చెప్పేది, అప్పు తీర్చగలడో లేదో తేల్చేది మోడళ్లే. వీటిని ఎప్పుడు నమ్మాలి అన్నదే ఈ సాయంత్రం నా విషయం. నేను చెప్పదలచుకున్నది ఒకే మాట. తాను ఎంత ఊగగలదో చెప్పని అంచనాను జ్ఞానంగా లెక్కవేయకూడదు. అలాగని, ఊగకుండా నిలబడినంత మాత్రాన ఏ అంచనా నిజమైపోదు. మొదటి ప్రమాదాన్ని కొలవడానికి యాదృచ్ఛికత మనకు సాధనం. రెండో ప్రమాదం డేటాలో ఉంటుంది; దాన్ని యంత్రం తనంతట తాను ఎన్నటికీ బయటపెట్టదు. ఈ రెండు ప్రమాదాలనూ ఎదుర్కొనే పద్ధతులను ఎనభై ఏళ్ల కిందటే, మన దేశపు పొలాల్లో, శరణార్థి శిబిరాల్లో తీర్చిదిద్దారు. ఆ వారసత్వాన్ని నేటి మోడళ్ల తయారీదారులు అందుకోవాలన్నదే నా విన్నపం.

యాదృచ్ఛికతను తయారుచేసుకోవడం

యాదృచ్ఛికత దానంతట అది దొరకదు. దాన్ని శ్రద్ధగా తయారు చేసుకోవాలి. 1927లో ఎల్.హెచ్.సి. టిప్పెట్ అనే ఆంగ్ల గణాంకవేత్త జనాభా లెక్కల నివేదికల నుంచి అంకెలు ఏరి 41,600 యాదృచ్ఛిక అంకెల పట్టికను ప్రచురించాడు. నమూనా సర్వేలు చేసేవాళ్లు అటువంటి పట్టిక తెరిచి, ఒక చోట వేలు పెట్టి, అక్కడి నుంచి వరసగా చదువుకుంటూ పోయేవారు. 1955లో అమెరికాలోని ర్యాండ్ కార్పొరేషన్ పది లక్షల అంకెలతో ఒక గ్రంథమే వేసింది. దాదాపు అంతా అంకెలే నిండిన ఆ పుస్తకం మీద ఎన్నో ప్రయోగాలు ఆధారపడ్డాయి.

అశ్రద్ధ చేస్తే ఏమవుతుందో 1969 డిసెంబరు 1న వాషింగ్టన్‌లో జరిగిన లాటరీ చూపించింది. వియత్నాం యుద్ధానికి యువకులను ఏ వరసలో పిలవాలో నిర్ణయించడానికి ఏడాదిలోని 366 తేదీలను 366 గొట్టాల్లో పెట్టి, ఒక్కొక్కటిగా తీశారు. ముందు వచ్చిన తేదీన పుట్టినవాళ్లకు ముందు పిలుపు. గొట్టాలను నెలల వరసలో పెట్టెలో వేశారు. సరిగ్గా కలపలేదు. చివర వేసిన నెలల గొట్టాలు పైన ఉండిపోయాయి. నిజంగా యాదృచ్ఛికమైతే ఏ నెలకైనా వరస సంఖ్యల సగటు 183 దరిదాపుల్లో ఉండాలి. డిసెంబరుకు అది 122 దగ్గర తేలింది. ఏడాది చివర పుట్టిన యువకులు పెట్టెను సరిగా కలపని ఫలితాన్ని అనుభవించారు. మరుసటి ఏడాది లాటరీకి గణాంకవేత్తలను పిలిచి, యాదృచ్ఛిక సంఖ్యల పట్టికలను వాడవలసి వచ్చింది.

కంప్యూటర్ దగ్గర పాచికలు లేవు, కలపడానికి పెట్టె లేదు. ఒక సంఖ్యను తీసుకొని, దాన్ని గుణించి, భాగించి, శేషాన్ని తీసుకొని తర్వాతి సంఖ్యను పుట్టిస్తుంది. దాని నుంచి మరొకటి. మొట్టమొదట ఇచ్చే ఆ సంఖ్యనే సీడ్ అంటారు. ఒకే సీడ్ ఇస్తే ఎన్నిసార్లయినా అదే వరస వస్తుంది. చూపుకు యాదృచ్ఛికం, లోపల పూర్తి నియమబద్ధం. ఈ సూత్రాలు కూడా మోసం చేయగలవు. 1960ల్లో ఐబీఎం కంప్యూటర్లలో విరివిగా వాడిన ర్యాండు అనే సూత్రం ఇచ్చే సంఖ్యలను మూడేసి చొప్పున త్రిమితీయ స్థలంలో బిందువులుగా పెడితే, స్థలమంతా పరుచుకోవలసినవి కేవలం 15 సమతలాల మీద వరుసలు కట్టాయి. ఇటువంటి సూత్రాలన్నిటిలోనూ ఈ జబ్బు ఉందని గణితవేత్త జార్జ్ మార్సాగ్లియా 1968లో నిరూపించేనాటికి, ఆ సంఖ్యలతో నడిచిన లెక్కలు చాలానే అచ్చయి ఉన్నాయి.

సీడ్ మారితే మారే ఫలితం

నేటి న్యూరల్ నెట్‌వర్క్ నేర్చుకోవడం మొదలుపెట్టేటప్పుడు దాని లోపలి లక్షలాది విలువలను యాదృచ్ఛికంగానే నింపుతారు. ఉన్న డేటాలో ఏ భాగంతో నేర్పాలి, ఏ భాగంతో పరీక్షించాలి అన్న విభజన యాదృచ్ఛికం. ఏ ఉదాహరణ ముందు చూపాలి, ఏది తర్వాత అన్నదీ అంతే. వీటన్నిటి వెనక ఉన్నది సీడ్. కాబట్టి సీడ్ మారితే, అదే పద్ధతి, అదే డేటా, అదే కంప్యూటర్ మరో మోడల్‌ను తయారు చేస్తాయి.

ఆ తేడా ఎంత? మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో పీటర్ హెండర్సన్, ఆయన సహచరులు 2018లో ప్రచురించిన పరిశోధన ఈ ప్రశ్నకు కలవరపెట్టే జవాబిచ్చింది. వాళ్లు ఒకే అల్గారిథంను, ఏ మార్పూ లేకుండా, పది వేర్వేరు సీడ్లతో నడిపారు. ఆ పదింటిని ఐదేసి చొప్పున రెండు జట్లు చేసి, ఒక్కో జట్టు సగటు గీశారు. రెండు గీతలూ రెండు వేర్వేరు అల్గారిథంలవేమో అనిపించేంత దూరంగా పోయాయి. రెండు పద్ధతులను పోల్చి మాది మెరుగు అని ప్రకటించే పత్రాల్లో, ఆ మెరుగు పద్ధతిదా, సీడ్‌దా అన్న ప్రశ్న అప్పటి నుంచి తప్పించుకోలేనిదయింది.

దీనికి సులువైన మందు ఉందని చాలామంది అనుకున్నారు. సీడ్‌ను ఒక సంఖ్య దగ్గర కట్టేస్తే సరి, ఎవరు నడిపినా అదే ఫలితం వస్తుంది కదా అని. అలా కట్టేయడం అవసరమే. ఒకరి లెక్కను మరొకరు సరిచూడాలంటే ఆ వరస మళ్లీ రావాలి. ఆ మాటకొస్తే సీడ్‌ను కట్టేసినా, సమాంతరంగా పనిచేసే ప్రాసెసర్లలో కూడికల క్రమం మారి చివరి దశాంశాల్లో తేడాలు వస్తూనే ఉంటాయి. అయితే ఒక ఫలితం మళ్లీ రావడం వేరు, అది నమ్మదగినది కావడం వేరు. తప్పు తూకపు రాయితో వందసార్లు తూచినా ప్రతిసారీ అదే బరువు వస్తుంది. రాయి మాత్రం సరైనదైపోదు. అంతకంటే పెద్ద ప్రమాదం, పదుల సీడ్లు నడిపి అన్నిటికంటే అందంగా వచ్చిన ఒక్క ఫలితాన్ని మాత్రమే అచ్చువేయడం. అక్కడ యాదృచ్ఛికత కొలత సాధనంగా ఉండవలసిన చోట అలంకారంగా మిగులుతుంది. అచ్చయిన అంకెలో పద్ధతి గొప్పతనం ఎంతో, ఎంపిక చేసినవాడి ఆశ ఎంతో పాఠకుడు విడదీయలేడు.

మహలనబిస్ రెండు బృందాలు

ఈ సమస్యను యంత్రాలు కొత్తగా తెచ్చిపెట్టలేదు. 1930లలో బెంగాల్‌లో జనపనార ఎంత విస్తీర్ణంలో వేశారో, ఎంత పంట రాబోతుందో ముందే తెలుసుకోవాలన్న ఒత్తిడి ప్రభుత్వానికి, వర్తకులకు ఉండేది. ప్రతి చేనూ తిరిగి లెక్కించడం అసాధ్యం. 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించిన ప్రశాంత చంద్ర మహలనబిస్, 1937 నుంచి నమూనా సర్వేలతో ఆ పని చేపట్టారు. అప్పుడాయన తనకు తాను వేసుకున్న ప్రశ్న అపురూపమైనది. నమూనా చిన్నది కావడం వల్ల వచ్చే తప్పును సూత్రంతో లెక్కకట్టవచ్చు. పొలానికి వెళ్లిన మనిషి చేసే తప్పును ఎలా లెక్కకట్టాలి?

ఆయన కనిపెట్టిన జవాబు పరస్పరం అల్లుకున్న ఉపనమూనాల పద్ధతి. ఒకే ప్రాంతం నుంచి యాదృచ్ఛికంగా రెండు స్వతంత్ర నమూనాలు తీస్తారు. రెండూ ఆ నేలంతటా ఒకదానిలో ఒకటి అల్లుకొని ఉంటాయి. వాటిని రెండు వేర్వేరు బృందాలకు అప్పగిస్తారు. ఒక బృందం లెక్క మరో బృందానికి తెలియదు. చివరికి రెండు అంచనాలను పక్కపక్కన పెడతారు. అవి దగ్గరగా ఉంటే పనికి కొంత పూచీ దొరికినట్టు. దూరంగా ఉంటే ఎక్కడో మనుషుల చేతుల్లో తప్పు దొర్లిందని ముందే తెలుస్తుంది. తర్వాతి కాలంలో జాతీయ నమూనా సర్వేలకు కూడా ఈ పద్ధతి పునాది అయింది.

ఇందులోని విజ్ఞతను నేటి భాషలో చెప్పాలంటే, మహలనబిస్ ఒకే ప్రశ్నను రెండు సీడ్లతో, రెండు జతల చేతులతో అడిగారు. అంచనాతో పాటే ఆ అంచనా ఎంత ఊగుతుందో కూడా సర్వే రూపకల్పనలోనే అమర్చారు. అనుమానాన్ని ఆఖరున చేర్చే ఫుట్‌నోట్‌గా వదిలేయకుండా ఖర్చు లెక్కలోకి, ప్రణాళికలోకి ఎక్కించారు. ఒకే మోడల్‌ను ఒకే సీడ్‌తో నడిపి, రెండు దశాంశ స్థానాల వరకూ కచ్చితత్వం ప్రకటించే సంస్థలు ఈ ఒక్క పాఠం నేర్చుకున్నా చాలు.

తాడు మీద ఉన్న దుబ్బు

ఇంతవరకూ చెప్పింది ఊగిసలాట గురించి. అసలు బరువైన విషయం ఇక్కడి నుంచి మొదలవుతుంది. అన్ని సీడ్లూ, అన్ని బృందాలూ ఏకగ్రీవంగా తప్పు చెప్పవచ్చు.

పంట కోత ప్రయోగం ఎలా జరుగుతుందో ఒకసారి దగ్గరగా చూద్దాం. ఊళ్లో ఆ పంట వేసిన సర్వే నంబర్ల జాబితా నుంచి యాదృచ్ఛిక సంఖ్యతో ఒక చేనును ఎంచుతారు. చేను దగ్గరికి వెళ్లాక, నైరుతి మూల నుంచి పొడవు వెంట ఎన్ని అడుగులు, వెడల్పు వెంట ఎన్ని అడుగులు నడవాలో మళ్లీ యాదృచ్ఛిక సంఖ్యలే చెబుతాయి. అక్కడ మేకు పాతి, తాడు లాగి, వరి అయితే సాధారణంగా ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు ఉన్న చతురస్రం గీస్తారు. అందులోని పైరును కోసి, నూర్చి, తూర్పారబట్టి, తూకం వేస్తారు. ఆ అంకె నుంచే ఎకరానికి దిగుబడి, మండలానికి దిగుబడి, చివరికి దేశానికి దిగుబడి లెక్కకు వస్తాయి.

ఇప్పుడు ఆ తాడును చూడండి. సరిగ్గా తాడు మీద ఒక దుబ్బు ఉంది. సగం లోపల, సగం బయట. కోతకు దిగిన మనిషి చేయి దాన్ని లోపలికే కలుపుకుంటుంది. దొంగతనం కాదు, దురుద్దేశం లేదు. బాగా పెరిగిన దుబ్బును వదిలేయడం మనిషికి మనసొప్పదు. చతురస్రం పెద్దదైతే అంచున ఉన్న నాలుగు దుబ్బుల వల్ల వచ్చే తేడా స్వల్పం. చిన్నదైతే అంచే ఎక్కువ, లోపలి భాగం తక్కువ. కోత విస్తీర్ణం చిన్నదయ్యేకొద్దీ దిగుబడి ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుందని గణాంకవేత్త పి.వి. సుఖాత్మే 1940లలో చూపించారు. కోతకు ఎంత విస్తీర్ణం తీసుకోవాలన్న విషయంలో ఆయనకూ మహలనబిస్‌కూ జరిగిన వాదం మన గణాంకశాస్త్ర చరిత్రలో ప్రసిద్ధం.

ఈ తప్పు స్వభావం గమనించదగినది. నమూనా పెంచితే ఇది తగ్గదు. వెయ్యి ప్రయోగాలు చేసినా, పదివేలు చేసినా ప్రతి చోటా అంచున ఉన్న దుబ్బు లోపలికే వస్తుంది. ఫలితాలన్నీ ఒకదానితో ఒకటి చక్కగా ఏకీభవిస్తాయి. ఏకీభవించేకొద్దీ మన నమ్మకం పెరుగుతుంది. నమ్మకం పెరిగేకొద్దీ తప్పు లోతుగా పాతుకుపోతుంది. యాదృచ్ఛికమైన దోషం తనను తాను బయటపెట్టుకుంటుంది. పక్షపాతం నిశ్చలత్వం వెనక దాక్కుంటుంది.

దీనికి చరిత్ర పొడుగునా సాక్ష్యాలున్నాయి. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక కోటి మందికి పోస్టుకార్డులు పంపింది. ఇరవై లక్షలకు పైగా జవాబులొచ్చాయి. అభ్యర్థుల్లో లాండన్ గెలుస్తాడని పత్రిక ప్రకటించింది. రూజ్‌వెల్ట్ అఖండ విజయం సాధించాడు. ఆ చిరునామాలు టెలిఫోను డైరెక్టరీల నుంచి, కారు రిజిస్ట్రేషన్ల నుంచి తీసుకున్నవి. పైగా కార్డు తిరిగి పంపినవాళ్లు, పంపనివాళ్లు ఒకేలా ఆలోచించేవాళ్లు కారు. అప్పటికి అభిప్రాయ సర్వేల్లోకి కొత్తగా వచ్చిన జార్జ్ గాలప్ అంతకంటే ఎంతో చిన్న నమూనాతో సరైన విజేతను చెప్పగలిగాడు. 2008లో గూగుల్ సంస్థ జనం వెతికే మాటలను బట్టి ఫ్లూ వ్యాప్తిని చెప్పే పద్ధతిని ప్రారంభించింది. 2012-13 శీతాకాలంలో, ఫ్లూ లక్షణాలతో డాక్టర్ల దగ్గరికి వెళ్లినవారి నిష్పత్తిని అది అధికారిక లెక్క కంటే రెట్టింపుకు మించి చూపింది. పత్రికల్లో ఫ్లూ వార్తలు ఎక్కువైతే జబ్బు లేనివాళ్లూ వెతుకుతారు. వెతుకులాట యంత్రాన్ని సంస్థే మార్చినప్పుడు వెతికే మాటలూ మారతాయి. సంఖ్యలు అపారం, కొలుస్తున్నది మాత్రం వేరు.

కోవిడ్ కాలం మరింత కఠినమైన పాఠం నేర్పింది. ఛాతీ ఎక్స్‌రేలు, స్కాన్‌ల నుంచి కోవిడ్‌ను గుర్తిస్తామన్న మోడళ్లు 2020లో వెల్లువెత్తాయి. కేంబ్రిడ్జ్ పరిశోధకుల నాయకత్వంలోని బృందం 2,212 పత్రాలను వడపోసి, వాటిలో 62 మాత్రమే లోతుగా పరిశీలించదగినవని తేల్చింది. ఆ 62లో ఒక్కటి కూడా ఆసుపత్రిలో వాడదగినది కాదని 2021లో ప్రకటించింది. కారణాల్లో ఒకటి వింటే మనసు కలుక్కుమంటుంది. చాలా చోట్ల కోవిడ్ రోగుల చిత్రాలు పెద్దవాళ్లవి; పోల్చడానికి తీసుకున్న మామూలు న్యుమోనియా చిత్రాలు ఒకటి నుంచి ఐదేళ్ల లోపు పసిపిల్లలవి. అటువంటి మోడల్ వ్యాధిని నేర్చుకుందో, వయసును నేర్చుకుందో ఎవరూ చెప్పలేరు. అలాంటి మోడల్‌కు వంద సీడ్లు ఇచ్చినా వందసార్లూ అద్భుతమైన కచ్చితత్వమే చూపుతుంది.

ఉప్పు చెప్పిన లెక్క

మరి నిశ్చలంగా ఉన్న తప్పును ఎలా పట్టుకోవాలి? రావు గారు తమ ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ గ్రంథంలో చెప్పిన ఒక సంఘటన దీనికి నా దృష్టిలో ఉత్తమ ఉదాహరణ.

1947. దేశ విభజన తర్వాతి అల్లర్ల రోజులు. ఢిల్లీలో ఎర్రకోటలో, హుమాయూన్ సమాధి ప్రాంగణంలో శరణార్థులు తలదాచుకున్నారు. వాళ్లకు తిండి పెట్టే బాధ్యత ప్రభుత్వానిది. సరఫరా కాంట్రాక్టర్లది. లోపల ఎంతమంది ఉన్నారో ప్రభుత్వానికి తెలియదు. కాంట్రాక్టర్లు చూపిన లెక్కకే డబ్బు కట్టవలసి వస్తోంది. ఖర్చు అనుమానం కలిగించేంతగా పెరిగింది. లోపలికి వెళ్లి తలలు లెక్కపెట్టే పరిస్థితి లేదు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన జె.ఎం. సేన్‌గుప్తా ఆ బిల్లులనే తీసుకున్నారు. రోజుకు కొన్నామని చూపిన బియ్యం ఎంత, పప్పు ఎంత, ఉప్పు ఎంత? మనిషికి రోజుకు సగటున పట్టే బియ్యం, పప్పు, ఉప్పు ఎంతో పాత సర్వేల ద్వారా తెలుసు. ఒక్కో సరుకును దాని తలసరి వాడకంతో భాగిస్తే జనసంఖ్య రావాలి. బిల్లులు నిజమైతే మూడు లెక్కలూ ఒకటే కావాలి. కాలేదు. బియ్యం లెక్క అన్నిటికంటే ఎక్కువ చూపింది, ఉప్పు లెక్క అన్నిటికంటే తక్కువ. బియ్యం ఖరీదైనది, ఎక్కువ రాస్తే లాభం. ఉప్పు చవక, దాన్ని పెంచి రాసినా మిగిలేదేమీ లేదు. ఎర్రకోటకు ఉప్పు లెక్కనే తీసుకోమని గణాంకవేత్తలు సూచించారు. చిన్న శిబిరమైన హుమాయూన్ సమాధి దగ్గర వేరే మార్గంలో వచ్చిన లెక్కతో ఈ పద్ధతి సరిపోలింది.

డేటా నాణ్యత మీద నాకు తెలిసిన పాఠాలన్నీ ఈ కథలో ఉన్నాయి. ప్రతి అంకె వెనక దాన్ని రాసిన చేయి ఉంటుంది. ఆ చేతికి ఏదో ఒక ఆశ, భయం, అలసట ఉంటాయి. ఈ అంకె పెరిగితే ఎవరికి లాభం, తగ్గితే ఎవరికి నష్టం అని అడగకుండా దాన్ని మోడల్‌కు మేపకూడదు. ఒకే విషయాన్ని వేర్వేరు దారుల్లో కొలవాలి, వాటి మధ్య వచ్చే తగాదాను సాక్ష్యంగా వినాలి. సేన్‌గుప్తా కొత్త డేటా తేలేదు. ఉన్న డేటా ఎలా పుట్టిందో ఆలోచించారు.

రావు గారి హద్దు

ఈ సందర్భంలో రావు గారి అత్యంత ప్రసిద్ధ ఫలితాన్ని తలుచుకోవాలి. కలకత్తాలో పాఠం చెబుతున్నప్పుడు, పెద్ద నమూనాలకు గణాంకవేత్త ఫిషర్ చూపిన హద్దు లాంటిది చిన్న నమూనాలకూ ఉంటుందా అని వి.ఎం. దండేకర్ అనే విద్యార్థి అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ రావు గారు కనిపెట్టినది 1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అచ్చయింది. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు. క్రామెర్-రావు హద్దుగా ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిన ఆ ఫలితం సారం ఇది. పక్షపాతం లేని ఏ అంచనాకైనా అది ఎంత కచ్చితంగా ఉండగలదో ఒక హద్దు ఉంది. ఆ హద్దును డేటాలో ఉన్న సమాచారమే నిర్ణయిస్తుంది. ఎంత తెలివైన పద్ధతి వాడినా దాన్ని దాటలేం.

ఇది గణిత సిద్ధాంతం. దీని నిబంధనలు దీనికున్నాయి. అయినా శాస్త్రజ్ఞుడి నడవడికి ఇందులో గొప్ప బోధ ఉంది. డేటాలో లేని సమాచారాన్ని గణన పుట్టించలేదు. ప్రాసెసర్ల సంఖ్య పెంచినా, మోడల్‌ను వందరెట్లు పెద్దది చేసినా, ఆ హద్దు జరగదు. రావు గారి గ్రంథంలోని కేంద్రభావన కూడా దీనికి దగ్గరిదే. మన జ్ఞానం అనిశ్చితమైనా ఫర్వాలేదు, ఆ అనిశ్చితి ఎంతో తెలిసినప్పుడు అది పనికొచ్చే జ్ఞానమవుతుంది.

తీరం నేర్చుకున్న పాఠం

ఈ పాఠాన్ని నిజంగా ఒంటబట్టించుకున్న శాస్త్రం ఒకటుంది. అది వాతావరణ శాస్త్రం. 1961లో అమెరికాలోని ఎంఐటీలో ఎడ్వర్డ్ లోరెంజ్ ఒక లెక్కను మధ్యలో నుంచి మళ్లీ నడుపుతూ 0.506127 బదులు 0.506 అని ఎక్కించాడు. కొద్ది నెలల వాతావరణం లెక్క సాగేసరికి రెండు ఫలితాలకూ పోలికే లేకుండా పోయింది. మొదటి కొలతలోని అణువంత తేడా భవిష్యత్తును మార్చేస్తుందని తెలిశాక, వాతావరణ శాస్త్రజ్ఞులు ఒక్క అంచనాను పట్టుకు వేలాడడం మానుకున్నారు. 1992 నుంచి యూరప్, అమెరికా కేంద్రాలు ఆరంభ స్థితిని కొద్దికొద్దిగా మార్చి అనేక లెక్కలు నడపడం రోజువారీ పని చేసుకున్నాయి. యూరప్ కేంద్రం ఇప్పుడు ఒక్కో అంచనాకు యాభైకి పైగా లెక్కలు వేస్తుంది. అవన్నీ ఒకే దారి చూపితే ధైర్యంగా చెబుతారు, చెదిరిపోతే ఆ చెదరడాన్నే చెబుతారు.

ఈ మార్పును మన తీరం కూడా చూసింది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తిన రాత్రి వేలాదిమంది ప్రాణాలు పోయాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకేనాటికి తుపాను ఎటు రావచ్చో చూపే పటం రోజుల ముందే జిల్లా యంత్రాంగం ముందుంది. ఆ పటంలో తుపాను దారి ఒక సన్నని గీతగా ఉండదు. ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే శంకువులా ఉంటుంది. ఎంత దూరం చూస్తున్నామో అంత తెలియనితనం ఉందని ఆ ఆకారమే ఒప్పుకుంటుంది. ఆ ఒప్పుకోలు వల్ల ఎవరికీ నమ్మకం తగ్గలేదు. ఏ గ్రామాలను ఖాళీ చేయించాలో అధికారులు నిర్ణయించగలిగింది ఆ వెడల్పును చూసే.

మన ముందున్న బాధ్యత

ఇదంతా ప్రయోగశాల చర్చగా మిగిలే విషయం కాదు. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో 2023 ఖరీఫ్ నుంచి వరి, గోధుమ పంటల దిగుబడి నిర్ణయంలో ఉపగ్రహ, మోడల్ అంచనాలకు కనీసం 30 శాతం వెయిటేజీ ఇస్తున్నారు. ఆ మోడల్‌కు పాఠం నేర్పేది పంట కోత ప్రయోగాల అంకెలే. కాలువ దాటి వెళ్లవలసిన చేనును వదిలి రోడ్డు పక్క చేను కోస్తే, తాడు మీది దుబ్బును లోపలికి లాగితే, ఆ తప్పును మోడల్ నేర్చుకొని ప్రతి ఊరికీ పంచుతుంది. ఎండిన చేను ముందు నిలబడ్డ రైతుకు పరిహారం రాకపోతే, అతనికి జవాబు చెప్పేది ఎవరు?

వైద్యంలోనూ ఇదే ప్రశ్న. మధుమేహం వల్ల కంటి తెర దెబ్బతినడాన్ని గుర్తించే గూగుల్ మోడల్ 2016లో ప్రచురితమైంది. 1,28,175 చిత్రాలతో నేర్చుకున్న ఆ మోడల్ తయారీలో మన దేశపు కంటి ఆసుపత్రుల చిత్రాలూ ఉన్నాయి. పరీక్షలో నిపుణులతో సమానంగా నిలిచింది. తర్వాత దాన్ని థాయ్‌లాండ్‌లోని 11 క్లినిక్‌లకు తీసుకెళ్లినప్పుడు, నర్సులు మామూలు గదుల్లో, మామూలు వెలుతురులో తీసిన చిత్రాల్లో ఐదో వంతుకు పైగా నాణ్యత లేవని వ్యవస్థ తిరగ్గొట్టింది. గూగుల్ పరిశోధకులే 2020లో మరో సంగతి చూపారు. ఇటువంటి కంటి మోడళ్లను సీడ్ తప్ప మరే తేడా లేకుండా తయారు చేస్తే, అలవాటైన పరీక్షలో అన్నీ ఒకేలా రాణించాయి. నేర్చుకునేటప్పుడు చూడని కెమెరా చిత్రాలు ఇవ్వగానే వాటి మధ్య తేడాలు బయటపడ్డాయి. సీడ్ ఊగిసలాట, డేటా లోపం ఇక్కడ ఒక్కటయ్యాయి. డేటాలో ఎక్కడ సమాచారం లేదో, అక్కడే మోడల్ నిర్ణయాన్ని సీడ్‌కు వదిలేస్తుంది. అంటే రోగి కంటి సంగతి, అతనికి ఏ సంబంధమూ లేని ఒక సంఖ్య మీద ఆధారపడుతుంది.

అందుకే నాలుగు ఆచారాలు స్థిరపడాలని కోరుతున్నాను. మోడల్‌ను తయారు చేసేవారు అనేక సీడ్లతో నడిపి, వచ్చిన ఫలితాలన్నిటి వ్యాప్తినీ ప్రకటించాలి. మంచిదాన్ని ఏరి చూపకూడదు. ఏ ఊరి, ఏ ఆసుపత్రి, ఏ రుతువు డేటాతో నేర్పలేదో, అక్కడి డేటాతో పరీక్షించకుండా ప్రజల మీద ప్రయోగించకూడదు. డేటాను ఎవరు, ఎలా, ఏ ఒత్తిడిలో సేకరించారో రాసిన చరిత్ర డేటాతో పాటే ప్రయాణించాలి. కొనే ప్రభుత్వాలు టెండరు పత్రంలోనే ఈ మూడింటినీ షరతులుగా పెట్టాలి, స్వతంత్రమైన రెండో బృందం చేత సరిచూపించడానికి డబ్బు కేటాయించాలి. మహలనబిస్ పేద దేశంలో, కాగితం పెన్సిళ్లతో చేయించగలిగిన పనిని, ఇంత సంపద, ఇన్ని యంత్రాలు ఉన్న మనం ఖర్చు అని తప్పించుకోలేం.

యువ మిత్రులకు ఒక మాట. మీ తరం చేతికి వచ్చిన సాధనాలు మా తరం కలలో కూడా చూడనివి. వాటితో అద్భుతాలు చేయండి. అయితే పొలానికి వెళ్లండి, తాడు పట్టుకోండి, ఎక్స్‌రే గదిలో నిలబడి చిత్రం ఎలా తీస్తారో చూడండి, బిల్లు రాసే మనిషితో మాట్లాడండి. మీ మోడల్ చెప్పిన అంకె ఎవరి జీవితంలో నిర్ణయంగా మారుతుందో ఆ మనిషికి, ఈ అంకె ఎంతవరకూ నమ్మవచ్చో, ఎక్కడ నమ్మకూడదో అతని భాషలో చెప్పగలిగేలా పనిచేయండి. అలా చెప్పలేని అంచనాను సంతకం పెట్టి బయటికి పంపకండి. పూచీ లేని అంచనాను నిలిపివేయగల ధైర్యమే గణాంకశాస్త్రపు నిజమైన బలం. రావు గారికి మనం తీర్చుకోగల రుణం ఆ ధైర్యాన్ని మన పని అలవాటుగా మార్చుకోవడమే.